మూడో వరస

మా ఇంట్లో పాడే మనిషి ఒక్కతే, మా అమ్మ. ఆమెకు వచ్చింది ఒక్కటే పాట. అది కూడా మనుషుల కోసం కాదు, గొర్రెల కోసం.

ఈనిన గొర్రె ఒక్కోసారి కన్నపిల్లనే దగ్గరికి రానివ్వదు. కాలితో తంతుంది, మూతితో నెట్టేస్తుంది. ఇక తల్లి చచ్చిన పిల్లనైతే వేరే గొర్రె అసలు తాకనివ్వదు. అట్లాంటప్పుడు అమ్మ ఆ పిల్ల ఒంటికి ఉప్పునీళ్ళు రాసి, గొర్రె మెడను చంకలో ఇరికించుకుని, దాని చెవిలో మెల్లగా మొదలుపెట్టేది.

ఎవురి బిడ్డైతే ఏమే ఎర్రగొర్రె తల్లీ,
ఆకలైన నోరు గదే ఆగి చూడవే తల్లీ.

ఆ తర్వాత మూడో వరస ఉంది. దానికి మాటల్లేవు. పెదాలు మూసుకుని తీసే రాగం, అంతే. పైపైకి వెళ్ళి, ఒకచోట కాస్త వంగి, అక్కడి నుంచి నెమ్మదిగా దిగేది. ఆ వంపు దగ్గరికి వచ్చేసరికి గొర్రె కాళ్ళు ఎడం చేసి నిలబడేది, పిల్ల పొదుగు అందుకునేది. మహిమంతా ఆ వంపులోనే ఉందని మేం అనుకునేవాళ్ళం. అమ్మకు ఆ పాట మా అమ్మమ్మ దగ్గర్నించి వచ్చింది. అమ్మమ్మ పోయింది. అమ్మకు అక్కచెల్లెళ్ళు లేరు.

ఉన్నది నేనొక్కతినే. నా గొంతు సంగతి ఊరందరికీ తెలుసు. బడిలో ప్రార్థన పాడేటప్పుడు కూడా పంతులు నన్ను పెదాలు మాత్రం ఆడించమనేవాడు. మా నాయన నాగులు అయితే, "గోపికా, నువ్వు పాడొద్దమ్మా, ఉన్న గొర్రెలు గూడ పొలిమేర దాటతాయి" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. అప్పుడు నవ్వులాటే.

మాది కొమరోలు దగ్గర ఊరు. నేను గిద్దలూరులో డిగ్రీ చదువుతున్న ఆ ఎండాకాలం మొదట్లో అమ్మ గొంతు బొంగురుపోయింది. ఎండదెబ్బ అనుకున్నాం. శొంఠి కషాయాలయ్యాయి, ఊళ్ళో సూదులయ్యాయి, గిద్దలూరులో మాత్రలయ్యాయి. చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. అక్కడ గొంతులోకి గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలవలేదు, అమ్మ ముందే చెప్పింది. గొంతుపెట్టెలో గడ్డ ఉంది, మొత్తం తీసేయాలి, తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం ఉండదు.

బస్టాండులో చెరుకురసం తాగుతూ అమ్మ అంది: "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే. నా విషయంలో నిజమే అయింది గదా పాపా." అని నవ్వింది. ఆ నవ్వు కూడా సగం గాలే. నేను గ్లాసు పట్టుకునే కూర్చున్నాను. ఆమె నాది కూడా తీసుకుని తాగేసింది.

ఇంటికొచ్చిన వారంలో నేను ఫోన్ తీసి, పాడమని అమ్మను కూర్చోబెట్టాను. పాడింది. తిరిగి వినిపించాను. ఆమె ముఖం ఎట్లా అయిందంటే, అద్దంలో వేరే మనిషి కనబడినట్టు అయింది.

"ఇది నా గొంతు గాదు. తీసెయ్."

"ఉండనీలేమ్మా."

"తీసెయ్ అంటి గదా. రేపు నేను మూగదాన్నయినాక ఈ కాకిగొంతు వినుకుంటా కూసుంటావా? నా పాట ఇట్లుంటదని నీ బిడ్డలకు చెప్తావా?"

తీసేశాను. ఆమె చూస్తుండగానే తీసేశాను. ఆ రోజంతా నా మీద నాకే కోపం, ఆమె మీద అంతకంటే కోపం, ఆ గడ్డ మీద చెప్పలేనంత కోపం. పాడటానికి నాకు గొంతు లేదు, దాచడానికి ఆమె ఒప్పుకోదు. మరి ఆ పాట ఎక్కడ ఉండాలి?

నా క్లాసులో ప్రేమకుమారి అని ఒక పిల్ల. గిద్దలూరు చర్చిలో గిటార్ వాయిస్తుంది. ఫోన్లో దాని దగ్గర ఏడిస్తే, అదే అంది: "గొంతు లేకపోతే ఏంది? వేళ్ళు ఉండాయి గదా. ఒక్క తీగ మీద ఒక్క పాట వాయించేదానికి పెద్ద విద్య అక్కర్లేదే. ఒక గిటార్ కొనుక్కో. ఊరికే ఏదిబడితే అది కొనొద్దు, నేనొస్తా."

అమ్మకు చెబితే, "నీ వేళ్ళతో పలికితే నా గొంతే అనుకుంటాలే" అంది. నాయన మాత్రం, తన కంటితో చూడంది ఏదీ ఇంట్లోకి రాకూడదని, మందను పెదనాన్న వాళ్ళకు అప్పజెప్పి మాతోపాటు మార్కాపురం బస్సెక్కాడు.

ప్రేమకుమారి మమ్మల్ని తీసుకెళ్ళిన దుకాణంలో ముందంతా క్రికెట్ బ్యాట్లు, బడిపిల్లలకిచ్చే కప్పులు. వెనకగోడకు హార్మోనియంలు, తబలాలు, వాటి పైన వరసగా గిటార్లు వేలాడుతున్నాయి. నా కన్ను పోయి నీలం రంగు దాని మీద పడింది. నిగనిగలాడుతోంది, అంచు చుట్టూ తెల్ల గీత.

"దాన్ని చూడనే చూడొద్దు" అంది ప్రేమకుమారి. "మొదట కొనేటోళ్ళందరూ చేసే పని ఇదే. రంగు చూసి పడతారు, ఇంటికిపోయినాక వేళ్ళు కోసుకుంటారు. ఇదిగో, మెడకీ తీగకీ మధ్య ఎంత ఎడముందో చూడు. ఇంత ఎత్తున ఉండే తీగను రోజూ నొక్కగలవా?"

నొక్కి చూశాను. వేలు కొస తెల్లబడి, గాడి పడింది.

రెండోది పెద్దది, ఇనుప తీగలది. ప్రేమకుమారి దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, కర్ర వంకర చూసినట్టు మెడ పొడవునా చూసింది. మెడ మీద అడ్డంగా ఉన్న గళ్ళలో ఒక్కొక్కటే నొక్కుతూ మీటింది. నాలుగో గడిలో జర్రుమంది. "వద్దు" అని తగిలించేసింది.

నాయన ఊరుకుంటాడా? మూడోదాన్ని తనే దింపాడు. మట్టిరంగుది, కాస్త చిన్నది, మెత్తటి నైలాన్ తీగలది. ముందు బరువు చూశాడు. పొట్ట మీద వేలితో కొట్టి విన్నాడు. గుండ్రటి రంధ్రంలోకి కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"లోపల ఏముందమ్మా?"

"ఏం లేదు చిన్నాయనా. గాలే" అంది ప్రేమకుమారి.

"గాలికేనా ఇంత రేటు?"

దుకాణం పెద్దాయన కూడా నవ్వాడు. ప్రేమకుమారి దాని తీగలు బిగించే చెవులు మెలితిప్పి, జారడం లేదని చూసి, అన్ని గళ్ళూ నొక్కి, "ఇది తీసుకో. చూసేదానికి ఏం లేదు. మంచిది" అంది. సంబంధం కుదిర్చినట్టే అంది.

అప్పుడు మా నాయన చేసిన పనికి ప్రేమకుమారి ఇప్పటికీ నవ్వుతుంది. భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని, ఆ చేతిని పెద్దాయన ముందుకు చాచాడు. గొర్రెల సంతలో బేరం నోటితో చెప్పరు, గుడ్డ కింద వేళ్ళతో చెప్పుకుంటారు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. పెద్దాయన ఒక్క క్షణం ఆగి, "మా నాయన గూడ ఎద్దుల బేరగాడేలే" అని తువ్వాలు కిందికి చేయి దూర్చాడు. ఇద్దరి ముఖాల్లో ఏమీ లేదు, తువ్వాలు మాత్రం కదులుతోంది. చివరికి నాయన "కానీ" అన్నాడు. ఆ గిటార్ ఎంతకు తెగిందో నాకు ఈరోజుకీ తెలియదు. బస్సు దిగాక ఊళ్ళోకి దాన్ని భుజాల మీద అడ్డంగా వేసుకుని, రెండు చేతులా పట్టుకుని నడిచాడు. కుంటిపిల్లను మోసుకొచ్చేది అట్లాగే.

సాయంత్రాలు నాయన మంద తోలుకుని వచ్చేలోపు మా పాఠం. వాకిట్లో నులకమంచం మీద నేను, ఎదురుగా గడప మీద అమ్మ. ఆమె ఆ బొంగురు గొంతుతోనే ఒక ముక్క తీసేది. నేను సన్నతీగ మీద వెతికేదాన్ని.

"కాదు. ఇంకా కిందికి. మరీ అంత కాదే. ఆఁ. అదీ!"

ఆ "అదీ" అన్నప్పుడు ఆమె ముఖం చూడాలి. తప్పిపోయిన గొర్రె దొరికితే కూడా అంత వెలగదు. కానీ నిన్న దొరికింది ఇవాళ ఉండేది కాదు. నేను మళ్ళీ మొదటి నుంచి వెతకాలి.

"నిన్న దొరికె గదా, యాడికి పోయింది?" అని విసుక్కుని, ఒకరోజు అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. ఎర్రజాజు చిప్పతో వచ్చింది. మా గొర్రెలన్నిటికీ కుడితొడ మీద ఆ ఎర్రమన్నుతో గుర్తు వేస్తాం, పక్కమందలో కలిసినా గుర్తుపట్టడానికి. చీపురుపుల్లను జాజులో ముంచి, నా వేలు ఉన్నచోట, గిటార్ మెడ మీద చుక్క పెట్టింది.

"ఇంక తప్పిపోదు" అంది.

మొదటి వరసకు చుక్కలు. రెండోదానికి గీతలు. వారం తిరిగేసరికి ఆ రెండు వరసలూ చూడకుండా వాయించగలిగాను. వేళ్ళ కొసలు కాయలు కాశాయి. "మూడోదానికి నెలవంకలు పెడతా, అది వంగతాది గదా" అని అమ్మ ముందే చెప్పుకుంది. ఆపరేషన్‌కు ఇంకా టైముందిలే, నిదానంగా నేర్చుకుందాం అనుకున్నాం.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మంచం ఖాళీ అయింది, రేపే రమ్మన్నారు.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముట్టించలేదు. వచ్చి గడప మీద కూర్చుని, "పట్టు" అంది. మూడో వరస ఎత్తుకుంది. గొంతు పైకెక్కలేదు. మళ్ళీ ఎత్తుకుంది. దగ్గు వచ్చింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. కళ్ళు మూసుకుని నా వేలు పట్టుకుంది. నేను మీటుతుంటే ఆమె నా వేలిని మెడ మీద జరుపుతోంది.

"పైకి. ఇంకా పైకి. దాటినావు, వెనక్కి రా."

ఒక్కో స్వరం దొరికినప్పుడల్లా ఒక నెలవంక పెట్టింది. చివరికి ఆ వంపు. ఏ గడిలోనూ లేదది. ఎంత వెతికినా అటో ఇటో అవుతోంది. అప్పుడు అమ్మ నా వేలిని తీగతో సహా కొంచెం పక్కకు లాగింది. తీగ సాగి, స్వరం వంగింది.

"అదీ" అంది అమ్మ. కళ్ళు తెరవలేదు. "మా అమ్మ వచ్చి కూసున్నట్టుండాది."

వేలు ఎంతవరకు లాగాలో అంతవరకూ సన్నగా ఒక నెలవంక గీసింది. తడి ఆరే దాకా నోటితో ఊదింది. మూడు వరసలూ ఒక్కసారి, తడబడుతూ, మొదలు నుంచి చివరి దాకా వాయించాను. దూరంగా గొర్రెల అరుపులు వినబడ్డాయి. "ఇంక చాలు, పెట్టెయ్. యాడికీ పోదులే, వచ్చినాక వాయిద్దువు" అని అమ్మ బియ్యం కడగడానికి లేచింది.

ఆ గుర్తులకు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోవచ్చు కదా అని మీరంటారు. ప్రేమకుమారి కూడా అంది. పెరట్లో కట్టేసిన గొర్రెకు ఫోటో ఎవరు తీసి పెట్టుకుంటారు?

అమ్మతో నేను వెళ్ళాను. మంద దగ్గర మనిషి ఉండాలి కాబట్టి నాయన ఉండిపోయాడు. లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సమ్మ, మాట్లాడాల్సినవాళ్ళతో మాట్లాడుకోమ్మా అంది. ఫోన్ కలిపి ఇచ్చాను. అమ్మ నాయనతో ఏదో అంటుందని నేను గోడవైపు తిరిగాను. ఆమె అడిగింది: "ఎర్రదానికి నీళ్ళు పెట్టినావా? ఈనేదానికి దగ్గరుండాది, చూసుకో." అంతే. ఫోన్ నా చేతికి ఇచ్చేసింది. మా అమ్మ గొంతుతో నేను విన్న ఆఖరి మాట అది.

తర్వాతి రోజుల గురించి చెప్పడానికి నాకు ఇష్టం లేదు. ప్రాణం నిలిచింది. మెడ కింద రంధ్రం పెట్టారు, అందులోంచే ఊపిరి. ఆమె పెదాలు కదిలిస్తే మాటను మనం ఊహించుకోవాలి. నేను తప్పుగా ఊహిస్తే మొదట్లో నవ్వేది, తర్వాత కళ్ళు మూసుకునేది.

మేం తిరిగొచ్చేసరికి వానలు పడ్డాయి. బస్సు దగ్గరికి నాయన వచ్చాడు. అమ్మ మెడకు చుట్టిన గుడ్డను చూసి, చూడనట్టు సంచులు అందుకున్నాడు. ఇంటికి చేరాక అమ్మ అలిసిపోయి పడుకుంది. నాయన నన్ను చేయి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"చూసినావా?"

గిటార్ మెరిసిపోతోంది. కొన్ననాడు కూడా అంత మెరవలేదు. ఆముదం వాసన కొట్టింది.

"వానకు చెమ్మబట్టి, మీటితే మొద్దుగా పలికె. మా తాత డోలుకు పండక్కి ముందు ఇట్లనే చేస్తాండె. ఆముదం పట్టించి, నిప్పుల సెగకు లైట్‌గా చూపించినా. మెడమీద ఎర్రమన్ను అంటుకోనుండె పాపా. జాజు చిప్ప మీద పడిందో ఏమో. గోరుతో గీకి, గుడ్డబెట్టి తుడిస్తే పోయింది. మీ అమ్మ వచ్చేతలికి బాగుండాల గదా."

గిటార్ తిప్పి చూశాను. మెడ నల్లగా, నున్నగా ఉంది. ఒక్క చుక్క లేదు, గీత లేదు, నెలవంక లేదు.

"బాగుందా?" అన్నాడు.

"బాగుంది నాయనా."

ఆయన నిలబడి ఇంకేమైనా అంటానేమోనని చూశాడు. ఆసుపత్రికి రాలేకపోయిన మనిషి, భార్య కోసం తన చేతులతో చేయగలిగింది అదొక్కటే. మందులు తెలియవు, గొంతులు తెలియవు. ఆముదం తెలుసు, నిప్పు తెలుసు. నేను దాన్ని సంచిలో పెట్టి, పెరట్లోకి వెళ్ళి, కుండలో నీళ్ళు ముఖాన కొట్టుకుంటూ ఏడ్చాను.

ఆ తర్వాత అమ్మకు తెలియకుండా నేనొక్కదాన్నే ఎన్నిసార్లు వెతికానో. మొదటి రెండు వరసలు వేళ్ళకు వచ్చేశాయి కాబట్టి గుర్తుల అవసరం లేదు. మూడోది నేను వాయించింది ఒక్కసారే. ఎక్కడో పైన అని తెలుసు. ఎక్కడో తెలియదు. నాయనను అడిగాను, ఇన్నేళ్ళు విన్నావు కదా, ఒకసారి పాడమని. తల గోక్కుని ఎత్తుకున్నాడు. భజన పాటలోకి వెళ్ళిపోయాడు.

వానలు నిలదొక్కుకున్నాక ఎర్రగొర్రె ఈనింది. తొలిచూలు. పిల్లను చూసి బెదిరి తంతోంది. నాయన దాని మెడ పట్టి నిలబెట్టబోతే వెనక్కి పీకుతోంది. అమ్మ మంచం మీంచి లేచి వచ్చింది. వద్దన్నా వినలేదు. పిల్లకు ఉప్పునీళ్ళు రాసి, గొర్రె మెడను చంకలోకి తీసుకుని, చెవి దగ్గర నోరు పెట్టింది.

పెదాలు కదిలాయి. మెడకు చుట్టిన గుడ్డ కదిలింది. వచ్చింది గాలి ఒక్కటే.

ఇన్నేళ్ళ అలవాటులో ఆమె తనకు గొంతు లేదన్న సంగతి ఆ క్షణం మర్చిపోయిందని నాకు ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. గొర్రె విదిలించుకుని పోయింది. అమ్మ మోకాళ్ళ మీద అట్లాగే ఉండిపోయింది.

నేను లోపలికి పరిగెత్తి గిటార్ తెచ్చాను. బురదలోనే కూర్చుని మొదటి వరస వాయించాను. గొర్రె చెవులు నిక్కబొడుచుకున్నాయి. నాయన దాన్ని మెల్లగా అమ్మ దగ్గరికి నడిపించాడు. రెండో వరస వాయించాను. అమ్మ తల ఊపుతోంది, పెదాలతో ఆకలైన నోరు గదే అంటోంది. గొర్రె ఒకసారి పిల్లను వాసన చూసింది. నాకింది. కాళ్ళు ఎడం చేసి నిలబడింది. పిల్ల తోక ఆడిస్తూ పొదుగు అందుకుంది.

గొర్రెకు రెండు వరసలు చాలాయి.

అమ్మ ఇంకా ఎదురుచూస్తోంది. ఆమె చేయి మెల్లగా పైకి లేచింది, మూడో వరస ఎక్కినట్టే ఎక్కింది, పైన ఒకచోట ఆగి, కొంచెం వంగింది. నా వేలు మెడ మీద వెతుకుతోంది. తప్పు స్వరం. మళ్ళీ తప్పు. అమ్మ కళ్ళు నా వేలి దగ్గరికి వచ్చాయి. ఆ నల్లటి, నున్నటి మెడ మీద చాలాసేపు ఆగాయి.

"తాగతాండాది మే, చూడు, తాగతాండాది!" నాయన చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు. "నేను ఆముదం పెట్టినందుకే అట్ల పలికింది. లేకుంటే ఆ చెమ్మకు పలకతాండెనా?"

"నాయనా..." అని నోరు తెరిచాను.

అమ్మ నా వైపు చూసి, వేలు తన పెదాల మీద పెట్టుకుంది. ఎర్రగొర్రెను నిమురుతూ నాయన మాకు వీపు తిప్పి ఉన్నాడు, చూడలేదు. నాయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ గిటార్ ఇంకా మా గోడకే ఉంది. ఏ గొర్రె ఈనినా తెచ్చి రెండు వరసలు వాయిస్తాను, గొర్రె నిలబడుతుంది. అమ్మ చేయి ప్రతిసారీ పైకి లేచి అక్కడ వంగుతుంది. నేను ఒక గడి నొక్కి ఆమె ముఖం చూస్తాను. కాదు అన్నట్టు తల ఊపుతుంది. ఇంకొకటి నొక్కుతాను.